ఇగ మాసిక రాదు

కంపెనీ ఉత్తరంల రెండే మాటలు పెద్దగ కనబడ్డయి:
మద్దతు. ముగింపు.
తేదీ జూన్ ముప్పై.
పత్తి గింజల కోసం రైతులు అప్పులకొచ్చే వారం.

హన్మకొండ, సహకార బ్యాంకు పాత బిల్డింగు, మూడో అంతస్తు.
ఏసీ గదిల శాలువ కప్పుకొని నేను,
కింద క్యూల చెమటతోటి అరవై ఊర్లు.
పాస్‌బుక్కు మీద పడే ప్రతి అంకె
ఈ గదిలకెల్లే పోతదని వాళ్ళకు తెల్వదు, తెల్వనక్కర లేదు.
చెరువు నిండుగున్నన్నాళ్ళు
నీరటి పేరు ఎవరడుగుతరు?

చైర్మన్ సాబ్ నా కాగితం చూసి అన్నడు:
"నడుస్తనే ఉన్నది గదమ్మా?"
నడుస్తనే ఉంటది సార్.
జులై ఒకటి పొద్దుగాల కూడా నడుస్తది,
పచ్చ లైట్లు పచ్చగనే ఉంటయి.
మనిషి పోతే కట్టె కదలది, వాడకంత తెలుస్తది.
ఇది పోయినంక కూడా కదుల్తది, గదే నా భయం.
చిల్లు పడ్డ సంగతి మనకన్న ముందు దొంగకు తెలుస్తది,
మాసిక పంపేటోడు ఇగ ఉండడు.
ఆయన చాయ్ తాగిండు.
"వచ్చే మీటింగుల పెడదాం."
మూడో మీటింగుకు పైసలిచ్చిన్రు. సగం.

కొత్తవాడల మా నానమ్మ బొంత కుట్టేముందు
పాత బట్టను ఎండకు పట్టి చూసేది.
ఎలుతురు కారే కాడ వేలు పెట్టి
"ఇది సూదికి ఆగదు" అనేది.
ఆగని చోట మాసికేస్తే
మాసిక చుట్టూ చినుగుతది.
నేనూ మిషన్లను ఒక్కొక్కటే ఎండకు పట్టిన.
లిస్టుల నూట పది.
లెక్క పెడితే నూట పదకొండు.

ఎక్కువొచ్చినదాని పేరు పోశవ్వ-2.
రాత్రి పన్నెండుంపావుకు లేస్తది,
నాలుగు నిమిషాలు ఏందో చేస్తది,
మళ్ళ పండుకుంటది.
ఆపుదామంటే చెయ్యి రాలె.

కాజీపేటల ప్యాసింజరెక్కి జమ్మికుంట పోయిన.
రిటైరైన ఓదెలు సార్ దొడ్లె బీరపాదుకు పందిరి కడుతుండు.
పేరు చెప్పంగనె సుత్లితాడు చేతులనే ఆగింది.
"అది ఇంకున్నదా?"
చాలాసేపటికి:
"అండ్ల వారసులు తేలని ఖాతాలున్నయి బిడ్డా. పోయినోళ్ళవి.
కోర్టుల, పంచాయతిల నలుగుతున్నయి.
కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్ళను తీసుకోలె,
చనిపోయిన తేదీ ఉంటే వడ్డీ కట్టనన్నది.
పక్కకు పెట్టి నేనే రోజూ వడ్డీ ఏపిచ్చిన.
ఎవరికి చెప్పాల్నో సమజ్ కాలె."

మూడువందల పన్నెండు మంది.
ఆదివారం రాత్రి ఒక్కొక్కరినే కొత్త ఇంట్లకు దాటిచ్చినం,
నేను, ఇమ్రోజ్.
యాకమ్మ, పైడిపల్లి,
వెయ్యి ఎనిమిదివందల నలభై రూపాయల అరవై పైసలు.
అవతలి ఒడ్డున అరవై పైసలు తక్కువ.
రాత్రి మూడింటికి, చాయ్ మీద తెట్టె కట్టినంక,
"పైసలకు గింత అవసరమా మేడమ్?" అన్నడు.
నేను జవాబియ్యలె.
కాసేపటికి వాడే మొదటి నుంచి మొదలుపెట్టిండు.

జులై ఒకటి.
ఏమీ కాలె. క్యూ ఎప్పటిలెక్కనే కదిలింది.
ఒకాయన పెన్ను అడిగిండు, తిరిగియ్యలె.
పోశవ్వ-2 తీగలు పీకుతుంటే
ర్యాకు తలుపు లోపలి దిక్కు, స్కెచ్చుపెన్నుతోటి,
ఓదెలు సార్ రాత:
"2019ల తీసెయ్యాలె."
ఏడేండ్ల సంది ఆ తలుపు
తీసింది నేనే, మూసింది నేనే.

కొత్తదాని ఉత్తరంల కూడా ఒక తేదీ ఉన్నది.
ఆయన రాత కిందనే రాసిన.
తలుపు మాత్రం మూయలె.